కొమ్ములు తీసేసిన వైరస్

జిరాక్స్ షాపు, కౌంటరు వెనక స్టూలు మీద నుంచి

ఒరేయ్ నిచ్చెనా,

క్షేమమా అని అడగను. అడిగేంత మంచితనం ఈ వారం నా దగ్గర లేదు. చెప్పాపెట్టకుండా ఊరు వదిలేశావు. ఫోన్ చేస్తే కట్ చేశావు. మీ అమ్మనడిగితే "ఏదో హోటల్లో పనట, బట్టలుతికే చోటట" అని అడ్రసు ఇచ్చి, నేనే నిన్ను తరిమేసినట్టు అదోలా చూసింది.

మిల్లు గేటు దగ్గర ప్రదర్శన పెట్టుకున్నాక వైరస్ వేషంవాడు పారిపోతే నాటకం ఎవడు ఆడాలి? నీ కొమ్ములు ఇక్కడే గోనెసంచిలో ఉన్నాయి. మన టైలర్‌కి పెట్టి చూశాం. వాడి తలకి అవి నిలిస్తేగా! కళ్ళ మీదికి జారాయి. తెల్లకణాన్ని తినాల్సినవాడు తడుముకుంటూ వెళ్ళి డ్రమ్ము వాయించేవాణ్ణి పట్టుకున్నాడు. జనం నవ్వారు. ప్రాణాలు తీసే ఎయిడ్స్ గురించి ఆడుతుంటే పగలబడి నవ్వారురా! నాకు తల తీసేసినట్టయింది.

అదే నువ్వైతే? ఒక్క అరుపుతో దూకేవాడివి. తెల్లచొక్కా సైనికుల్ని ఒక్కొక్కణ్ణీ మింగేవాడివి. చివర్లో రోగి నేల మీద పడి ప్రాణం వదులుతుంటే గేటు దగ్గర చీమ చిటుక్కుమనేది కాదు. ఆ చావు సీను రాస్తూ నేనే ఏడ్చాను, నీకు తెలుసు.

ప్రజల కోసం పనిచేస్తానని నా చేతిలో చెయ్యేసినవాడివి, దుప్పట్లు ఉతకడానికి ప్రజల్ని వదిలేశావా? కారణం రాయి. ఉత్తరమే రాయి, నాకిప్పుడు ఫోను లేదు. సెలవుల గురించి ఓనరుతో చర్చిస్తుండగా అది వెళ్ళి గోడకి తగిలింది.

మండిపోతూ,
కరపత్రం

*

హోటల్ లాండ్రీ, ఆవిరి గది పక్క మెట్ల మీద నుంచి

ఒరేయ్ కరపత్రం,

ఫోను పగలడం మంచిదే అయింది. ఫోన్లో నువ్వు అరుస్తావు. కాగితం మీద అరవాలంటే అక్షరాలు పెద్దవి చెయ్యడం తప్ప నీకు దారి లేదు. వాటిని నేను నెమ్మదిగా చదువుకోగలను.

ఇక్కడ పనంతా దుప్పట్లే. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. నా జోడీ ఒక పెద్దావిడ, అందరూ ఇస్త్రీ అత్త అంటారు. నా ఎత్తుకీ ఆవిడ ఎత్తుకీ మధ్య దుప్పటి ఎప్పుడూ ఏటవాలే. "నువ్వే వంగు నాయనా, నేనింక పెరగను" అంటుంది.

సరే, కారణం. రాయకుండా ఇంతసేపు దుప్పట్లు మడత పెట్టాను.

మనం నాటకం ఆడిన రక్తదాన శిబిరం ఉంది కదా. "రక్తం ఇవ్వండి" అని నువ్వు మైకు పగిలేలా అరిచినా ఎవరూ కదలకపోతే, మన పరువు పోతుందని మనమే ముందెళ్ళాం. కొమ్ములు పక్కన పెట్టి అందరికంటే ముందు నేనే మంచమెక్కాను. కొన్నాళ్ళకి నన్నొక్కణ్ణే పిలిచారు. తలుపు వేసి చెప్పారు. తప్పేమో అని మళ్ళీ పరీక్ష చేశారు. తప్పు కాదు.

నాకు హెచ్ఐవి ఉంది.

ఈ ఊరి ఆసుపత్రిలో మందిచ్చారు. తెల్ల డబ్బా, రోజుకొక మాత్ర. అది నా పెట్టెలో, సాక్సులో ఉంది. మూత తియ్యలేదు. నేనూ మా చిన్నాన్న కొడుకూ ఒకే గదిలో ఉంటున్నాం, వాడు చూస్తాడని ఒక భయం. కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి నీ నాటకం. ఆడిన ప్రతిసారీ రోగి చచ్చాడు. వాడి గుండె మీద కాలు పెట్టి నిలబడింది నేనే. ఇప్పుడు పైనున్నదీ నేనే, కిందున్నదీ నేనే. ఎటూ ఆఖరి సీను తెలిసినవాణ్ణి, సాక్సులోంచి డబ్బా తియ్యడం ఎందుకు?

మనవాళ్ళకి చెప్పకు. అమ్మకి అసలు చెప్పకు.

నిచ్చెన

*

జిరాక్స్ షాపు, షట్టరు దించి

నిచ్చెనా,

నీ ఉత్తరం చదివి షట్టరు దించేశాను. ఓనరు బయట నుంచి బాదుతున్నాడు. బాదనీ.

ఎవరి వల్ల వచ్చింది? ఎలా వచ్చింది? సూదా, మనిషా? పేరు చెప్పు, వెళ్ళి నిలదీస్తాను. నిలదీసి ఏం చేస్తానో నాకు తెలీదు, కానీ నిలదీస్తాను. కుళ్ళిపోయిన ఈ సమాజంలో నీలాంటివాడికి రావాలా? మనం ఊరూరా తిరిగి జనాన్ని మేల్కొలుపుతుంటే మన మధ్యలోకే రావాలా?

మాత్ర వేసుకో. ఇవాళే. లేకపోతే బస్సెక్కి వచ్చి, నీ దవడలు పట్టుకుని నేనే వేస్తాను. నువ్వు పోరాడాలి! నీ ఒళ్ళు ఇప్పుడొక యుద్ధభూమి! ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకూడదు! ప్రతి రక్తపు బొట్టూ ఒక సైనికుడై

ఓనరు షట్టరు ఎత్తేశాడు. పోస్టు చేస్తున్నాను.

కరపత్రం

*

హోటల్ లాండ్రీ, మెట్ల మీద నుంచి

కరపత్రం,

ఎలా వచ్చిందని డాక్టరు నిలదీయలేదు. కౌన్సెలింగ్ మేడమ్ నిలదీయలేదు. నువ్వు నిలదీశావు. ఎలా వచ్చిందో నాకు తెలుసు. అది నా సొంతం, నీకు చెప్పను. ఇంకెప్పుడూ అడగకు.

నా ఒళ్ళు యుద్ధభూమి అన్నావు. ఆ యుద్ధభూమినే నేను పొద్దున్నే లేపి, స్నానం చేయించి, డ్యూటీకి తీసుకెళ్ళాలి. నీ మాటలు చూడ్డానికి బాగుంటాయి కానీ కట్టుకుందామంటే కుదరవు.

ఇంకో మాట. వైరస్ తెల్లకణాల్ని తింటుందని నీకెవరు చెప్పారు? మేడమ్ "తినదు బాబూ, పని చేయించుకుంటుంది" అంది. ఇంకా చాలా చెప్పింది పాపం. ఆవిడ చెబుతున్నంతసేపూ నా చెవుల్లో మన డ్రమ్మే మోగింది, ఒక్క ముక్కా ఎక్కలేదు.

మనం రిహార్సల్ చేసే గది గోడ మీద నీ చేతిరాతతో ఉంది కదా, "అర్థం కానిదానికి తల వంచకు" అని. నేను వంచను. ఆ వైరస్ లోపలికి వెళ్ళి ఏం చేస్తుందో, ఈ మాత్ర వెళ్ళి దాన్ని ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పు. అరవకుండా చెప్పు. అర్థమైతే మూత తీస్తాను. లేదంటే నీ సైనికుల్ని నీ దగ్గరే ఉంచుకో.

నిచ్చెన

*

జిరాక్స్ షాపు, మిషను పక్క నుంచి

నిచ్చెనా,

రాసిందల్లా చింపుతూ వచ్చాను. ప్రతిదాంట్లోనూ "పోరాటం" వచ్చి కూర్చుంది. ఇందులో దాన్ని రానిచ్చేది ఇక్కడికే.

పెద్దాసుపత్రికి వెళ్ళాను. వెళ్ళీ వెళ్ళగానే వరస దగ్గర గొడవ పడ్డాను. ల్యాబు ఆయన బయటికి వచ్చి "బాబూ, నీకు రోగమా, సమాచారమా?" అన్నాడు. సమాచారం కావాలన్నాను. "అయితే కూర్చో, అది ఎంత అంటుకుంటే అంత మంచిది" అని ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. అర్థం కాని చోటల్లా మళ్ళీ వెళ్ళి అడిగాను. ఇప్పుడు నన్ను చూస్తేనే ఆయన టీకి లేచిపోతున్నాడు.

ముందు నీ కొమ్ముల సంగతి. అవి పచ్చి అబద్ధం. ఈ వైరస్ దూకదు, అరవదు, తినదు. తినడానికి నోరే లేదు. తనంతట తాను ఇంకో వైరస్‌ని పుట్టించుకోలేదు కూడా. దాని దగ్గర ముఖ్యంగా ఉన్నది తనని ఎలా తయారు చెయ్యాలో రాసి ఉన్న చీటీ. ఆర్ఎన్ఎ అంటారు. మిషను లేదు, కరెంటు లేదు, కాగితాల కట్ట లేదు. చేతిలో ఒక్క షీటు పట్టుకుని మా షాపుకి వచ్చే మనిషి అనుకో.

ఆ షాపు పేరు టీ-కణం. తెల్లకణాల్లో ఒక రకం. వీటిని సైనికులుగా చూపించాం, అదీ తప్పే. ఇవి సైనికులకి కబురు పెట్టేవి. "ఊపిరితిత్తుల్లో ఎవరో దూరారు, నువ్విటు పద, నువ్వటు పద" అని మిగతా కణాల్ని కదిలించేవి. వీటి ఒంటి మీద సీడీ4 అనే పిడి ఉంటుంది. వైరస్ మీదున్న బుడిపె ఆ పిడిని పట్టుకుంటుంది. అదొక్కటే చాలదు, పక్కనున్న రెండో పిడి కూడా అందాలి. రెండూ అందాయా, వైరస్ పైపొరా కణం పైపొరా కలిసిపోతాయి, నూనె చుక్కలో నూనె చుక్క కలిసినట్టు. తలుపు బద్దలు కొట్టడాలు లేవు. చెయ్యి కలిపి, రెండో చెయ్యి భుజం మీద వేసి, "ఏం బావా, చిక్కిపోయావు!" అంటూ లోపలికి వచ్చేసే మనుషులుంటారే, అలాగ. వీడెవడా అని నువ్వు ఆలోచించేలోపు కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంటాడు.

లోపల జరిగేది చూడు. ప్రతి కణానికీ డీఎన్ఎ అనే అసలు పుస్తకం ఉంటుంది. పని పడినప్పుడు అందులోంచి కావల్సిన పేజీకి నకలు తీస్తారు. అసలు నుంచి నకలు, మా షాపులోలాగే. వైరస్ దీన్ని తిరగేస్తుంది. తన నకలు చీటీలోంచి ఒక అసలు పేజీని పుట్టిస్తుంది! అందుకోసం ఒక రాతగాణ్ణి వెంటబెట్టుకునే వస్తుంది. ఆ పేజీని ఇంకో పనివాడు కణం పుస్తకం మధ్యలో, కుట్టు విప్పి దూర్చి, మళ్ళీ కుట్టేస్తాడు.

ఇది చదవగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకో తెలుసా? పోయిన ఏడాది కాలేజీ గైడు మాస్టరు కాపీలో ఎవరిదో అద్దె గది ప్రకటన కలిసిపోయింది. నేను చూసుకోలేదు. కట్టలు కట్టలు తీసి, పిన్నులు కొట్టి అమ్మేశాం. ప్రతి గైడులోనూ లెక్కల పాఠం నడుమ "గాలీ వెలుతురూ గల గది, మెట్లు విడిగా". ఒక అమ్మాయి వచ్చి "ఈ లెక్కకి జవాబు ఎక్కడుంది?" అని అడిగేదాకా ఎవరికీ తెలీలేదు. మిషనుకి ఏం తెలుసు? పెట్టింది తీస్తుంది. టీ-కణమూ అంతే. నా పని నేను చేసుకుంటున్నాననుకుని వైరస్ పేజీని తీస్తూ పోతుంది.

తయారైన సరుకు విడివిడిగా ఉండదు, ముక్కలన్నీ అతుక్కుపోయి పొడుగాటి పట్టీగా వస్తుంది. దాన్ని కత్తిరించే కత్తెర కూడా వైరస్‌దే. కత్తిరింపు జరిగితేనే అది ఇంకో కణంలో దూరడానికి పనికొస్తుంది. పైగా బయటికి పోయేటప్పుడు కణం పైపొరలోంచే కొంత చింపి కప్పుకుని పోతుంది. మనింట్లో తిని, మన చొక్కా వేసుకుని, పక్కింటి తలుపు తట్టే చుట్టం! ఇలా షాపు తర్వాత షాపు మూతపడుతుంది. కబురు పెట్టేవాళ్ళు తగ్గిపోతే ఏ చిన్న రోగమైనా పెత్తనం చేస్తుంది. మనిషి పడిపోయేది అప్పుడు. అదీ ఎవరూ ఏ మందూ వెయ్యకుండా ఏళ్ళకేళ్ళు వదిలేస్తే. నా నాటకంలోలాగా డ్రమ్ము మోగగానే కాదు.

ఇక మాత్ర. ఒక్క మాత్రలో ఒకటికి మించి మందులున్నాయి. ఒకటి ఆ రాతగాడికి దొంగ అక్షరాలు అందిస్తుంది. వాడు నిజమైనవే అనుకుని పెట్టుకుంటూ పోతాడు, దొంగ అక్షరం తర్వాత ఇంకేదీ అతకదు, పేజీ సగంలో ఆగిపోతుంది. ఇంకోటి ఆ కుట్టేవాడి చేతులు పట్టుకుంటుంది. ఒకే మందైతే వైరస్ తప్పించుకుంటుందట. అది రాసేటప్పుడు తప్పులు ఎక్కువ చేస్తుంది, ఏదో ఒక తప్పు దానికే కలిసొచ్చి మందుకి లొంగకుండా పోతుంది. అందుకని అన్ని వైపుల నుంచీ ఒకేసారి.

ఇంతే. ఎక్కడా అరవలేదు, చూసుకో. మూత తియ్యడం, తియ్యకపోవడం నీ ఇష్టం. "నీ ఇష్టం" అని రాయడం నాకెంత కష్టమో నీకు తెలుసు.

కరపత్రం

*

హోటల్ లాండ్రీ, మడత బల్ల దగ్గర నుంచి

ఒరేయ్ కరపత్రం,

మూత తీశాను.

నీ ఉత్తరాన్ని మడత బల్ల మీద పరిచి మళ్ళీ మళ్ళీ చదివాను. "ఏం బావా, చిక్కిపోయావు" దగ్గర ఎంత నవ్వానంటే ఇస్త్రీ అత్త "ప్రేమలేఖా?" అంది. కాదు, వైరస్ లేఖ అనబోయి ఆగాను. ఆ నవ్వుతోనే గదికి పరిగెత్తి మూత తీశాను. నవ్వు ఆగితే మళ్ళీ ఆలోచిస్తానని.

మొదట్లో తల తిరిగింది. చిత్రమైన కలలు. ఒక కలలో నువ్వు ఎవరితోనూ గొడవ పడకుండా వరసలో నిలబడ్డావు. భయపడి లేచాను. ఇప్పుడు తగ్గింది. టీ తాగే టైముకి, దుప్పట్ల గదిలో వేసుకుంటున్నాను. ఒకరోజు మర్చిపోబోతే అత్త "నీ బిళ్ళ టైమైనట్టుందే" అంది. ఏం బిళ్ళ అని ఆవిడ అడగదు, నేను చెప్పను. దుప్పటికి రెండు కొసలు పట్టుకున్నట్టు ఉంటాం.

మా చిన్నాన్న కొడుక్కి మాత్రం చెప్పేశాను, దాచడం మాత్ర కంటే చేదుగా ఉంది. వాడు పరుపు చుట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. వారం పోయాక అదే పరుపు చుట్టుకుని తిరిగొచ్చాడు. "అక్కడివాడు పెట్టే గురక కంటే నీ వైరసే నయం" అన్నాడు. క్షమాపణ అనుకోమన్నాడు. అనుకున్నాను.

కానీ నీ ఉత్తరంలో ఒక చోట నాకు అనుమానం. మందు రాతగాణ్ణి ఆపుతుంది, కుట్టేవాణ్ణి ఆపుతుంది. బాగుంది. మరి ఇదివరకే కుట్టేసిన పేజీ సంగతి? అది పుస్తకంలోంచి ఎలా పోతుంది? అక్కడ నువ్వు గబుక్కున తర్వాతి విషయానికి దూకావు. నువ్వు దూకావంటే ఏదో మింగావు. చెప్పు.

నిచ్చెన

*

జిరాక్స్ షాపు, వానకి తడిసిన కౌంటరు నుంచి

నిచ్చెనా,

మింగాను. ఆ పేజీ పోదు.

అది రాస్తే నువ్వు మూత తియ్యవేమోనని వదిలేశాను. ఇప్పుడు అడిగావు కాబట్టి మొత్తం రాస్తాను.

పేజీ దూరిన కణాల్లో చాలావరకు పని చేసి చేసి చచ్చిపోతాయి. కానీ కొన్ని ఏ పనీ లేకుండా నిద్రపోతాయి. షట్టరు దించిన షాపులన్నమాట. లోపల పుస్తకంలో ఆ పేజీ అలాగే ఉంటుంది. కణం నిద్రలో ఉంటే నకలు తియ్యదు, వైరస్ పుట్టదు, మందుకీ అక్కడ పని లేదు. ఎప్పుడో ఆ కణం లేచి షట్టరు ఎత్తితే మళ్ళీ సరుకు బయటికొస్తుంది. ఆ రోజు మందు ఒంట్లో ఉంటే, బయటికొచ్చిన వైరస్ కొత్త కణాన్ని పట్టుకున్నా లోపల దాని రాత సాగదు. ఏ షట్టరు ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలీదు. అందుకే రోజూ. జీవితాంతం.

ఇది విని నేను ల్యాబు ఆయన మీద అరిచాను, ఆయనే ఆ పేజీ కుట్టినట్టు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ఇంట్లో అది నిద్రపోయినంత కాలం ఇల్లు మీదేగా?" అన్నాడు. ఆ మాటే అనుకుంటూ బస్సెక్కి వచ్చేశాను.

నాటకం తిరగరాస్తున్నాను. కొమ్ముల్ని మిల్లు కాలవలో పారేశాను. సైనికులు లేరు, జిరాక్స్ షాపే రంగస్థలం. వైరస్ చుట్టంలా వస్తుంది, పేజీ దూరుస్తుంది, పట్టీలు కత్తిరిస్తుంది. మందు వస్తుంది, చుట్టం మూలన కూర్చుని నిద్రపోతాడు. ఇక్కడిదాకా గుర్రంలా పరిగెత్తింది. ఇక్కడ ఆగిపోయింది. తర్వాత ఏం జరగాలి? ఎవడూ చావడు! చావు లేకుండా నాటకం ముగించడం నాకు చేతకావడం లేదురా. టైలరైతే "రోగి చావకపోతే జనం ఎందుకు నిలబడతారు?" అంటాడు. నేను కుర్చీ విసిరాను. ఖాళీ గోడవైపే విసిరాను, కంగారుపడకు. వాడు రెండు రోజులు రిహార్సల్‌కి రాలేదు. మూడో రోజు నేనే వాడి షాపుకి వెళ్ళి, చిరగని చొక్కా కుట్టమని ఇచ్చి, రాజీ చేసుకుని వచ్చాను.

ఆఖరి సీను ఏం పెట్టాలో చెప్పు.

కరపత్రం

*

హోటల్ లాండ్రీ, డాబా మీద నుంచి

కరపత్రం,

ఇవాళ పరీక్ష కాగితం ఇచ్చారు. రక్తంలో వైరస్ కనబడటం లేదట. కనబడనంత తక్కువ. టీ-కణాలు పెరుగుతున్నాయట. మేడమ్ బల్ల మీద చిన్నగా దరువేసింది, ఆవిడలో అంత హుషారు ఉందనుకోలేదు.

"పోయిందా మేడమ్?" అని అడగలేదు. "నిద్రపోయిందా?" అని అడిగాను. ఆవిడ పెన్ను కింద పెట్టి "నీకెవరు చెప్పారు?" అంది. జిరాక్స్ తీసేవాడొకడు చెప్పాడన్నాను. ఇంకో సంగతి కూడా చెప్పింది. మందు మానకుండా ఇలాగే కనబడనంత తక్కువలో ఉంచుకుంటే, రేపు నాకొక తోడు దొరికినా ఆ మనిషికి నా నుంచి ఇది అంటదట. అది విన్నాక నేను లాండ్రీకి నడిచే వచ్చాను, బస్సులో కూర్చోబుద్ధి కాలేదు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "భోజనానికి ముందు వేసుకోవాలా, తర్వాతా?" అంది. ఎప్పుడైనా పర్లేదన్నాను. "అయితే తిన్నాకే వేసుకో" అంది.

ఇక నీ ఆఖరి సీను. ఏమీ జరగొద్దు. రోగి లేవాలి, మొహం కడుక్కోవాలి, మాత్ర వేసుకోవాలి, పనికి వెళ్ళాలి. అంతే. మూలన వైరస్ నిద్రపోతూ ఉండాలి. నినాదాలు వద్దు. నువ్వు మైకు ముట్టుకోవద్దు.

రోగి వేషం నువ్వు వెయ్యి. వైరస్ నేను వేస్తాను. దాని గురించి మీ అందరికంటే నాకు బాగా తెలుసు, ఒకే ఒంట్లో ఉంటున్నాం. ఈసారి అరవను. చెయ్యి కలుపుతాను, భుజం మీద చెయ్యేస్తాను, కూర్చుంటాను, తర్వాత గోడవైపు తిరిగి నిద్రపోతాను. వచ్చే వారం సెలవు దొరికింది. పొద్దున బస్సుకి వచ్చి, నాటకం అవ్వగానే వెళ్ళిపోవాలి. మర్నాడు పెద్ద విందేదో ఉందట, దుప్పట్లు కాక బల్లగుడ్డలు కూడా.

మనవాళ్ళకి ఇంకా చెప్పొద్దు. చెప్పాలనిపించినప్పుడు నేనే చెబుతాను.

నిచ్చెన

*

జిరాక్స్ షాపు, షట్టరు ఎత్తి

ఒరేయ్ నిచ్చెనా,

మిల్లు గేటు దగ్గర నాటకంలో నువ్వు గోడవైపు తిరిగి ఉన్నావు, తర్వాత బస్సు కోసం పరిగెత్తావు. నీ వెనక జరిగింది నువ్వు చూడలేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు నా భుజం మీద చెయ్యేసి "ఏం బావా" అనగానే నవ్వారు, అది నీకు వినపడే ఉంటుంది. గైడులో అద్దె గది వచ్చినప్పుడు ఇంకా నవ్వారు. ఈసారి నాకు కోపం రాలేదు, రాసుకో. పట్టీలు కత్తిరించేటప్పుడు నవ్వు ఆగిపోయింది. ముందు వరస వాళ్ళు మెడలు చాచి చూశారు. మందు వచ్చింది, నువ్వు వెళ్ళి స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చున్నావు.

నేను లేచాను. మొహం కడుక్కున్నాను. మాత్ర వేసుకున్నాను. సంచీ తగిలించుకుని నడవడం మొదలుపెట్టాను. జనం కదల్లేదు. నేల మీద పడతానేమోనని నా కాళ్ళవైపే చూస్తున్నారు. నేను పడటం లేదు. అప్పుడు అన్నం క్యారియరు చేతిలో పట్టుకున్న ఒకాయన అరిచాడు కదా, "ఏమయ్యా, వీడు ఎప్పుడు చస్తాడు? నాకు షిఫ్టు టైమవుతోంది!"

నిచ్చెనా, నా నోట్లో ఒక్క మాట లేదు. నాకు! మూడు ఊళ్ళ మైకులు పగలగొట్టినవాడికి! మైకు ముట్టుకోవద్దని నువ్వన్నావు, ముట్టుకున్నా అందులో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడు స్టూలు మీంచి నీ గొంతు వచ్చింది. తల కూడా తిప్పలేదు నువ్వు.

"అన్నా, అది నిజంగా నాకే ఉంది. రోజూ మందేసుకుంటున్నా. నేను చచ్చేదాకా నిలబడితే నీ ఉద్యోగం పోతుంది. నువ్వెళ్ళు."

నువ్వు చూడనిది ఇది. ఆయన ఇది నాటకమా, నిజమా అని నావైపు చూశాడు. నా మొహంలో ఏం కనబడిందో కానీ క్యారియరు కింద పెట్టాడు. పెట్టి, నీ వీపునే చూస్తూ నిలబడ్డాడు. "అలాగైతే సరే తమ్ముడూ, నేను వెళ్ళొస్తా" అన్నాడు, నెమ్మదిగా, నీకు వినపడిందో లేదో. అని ఆయనే ముందు నవ్వాడు. తర్వాత గేటు గేటంతా నవ్వింది. అప్పుడే సైరన్ కూసింది. అంతమంది నవ్వుకుంటూ షిఫ్టుకి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన క్యారియరు మర్చిపోయి, లోపలి నుంచి మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. తీసుకుంటూ, ఆ మందు ఎక్కడిస్తారని నన్ను మెల్లగా అడిగాడు. ఎవరికని నేను అడగలేదు. నేను కూడా నేర్చుకుంటున్నానురా.

ఇక మనవాళ్ళు. నువ్వు వెళ్ళాక సామాను సర్దుతున్నాం. వీళ్ళలో ఎవడైనా ఒక్క తప్పుడు మాట అంటే ఏం విసరాలా అని చుట్టూ చూసుకున్నాను, స్టూలొకటే ఉంది. టైలర్ తెర మడతపెడుతూ మడతపెడుతూ ఆగిపోయాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మడతపెట్టాడు. డ్రమ్ము వాయించేవాడు మాత్రం మొహం చిట్లించుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను స్టూలు మీద చెయ్యి వేశాను.

"వాడు గోడవైపు తిరిగి చెప్పాడు. వెనక వరసలో ఒక్కడికీ వినపడలేదు," అన్నాడు. "వచ్చే ప్రదర్శనలో ఇటు తిరిగి చెప్పమను."

మళ్ళీ ఎప్పుడు సెలవు?

నీ
కరపత్రం